మొదటిసారి బోనం ఎత్తేవాళ్ళకు: కొలతలు, జాగ్రత్తలు, కొంచెం భయం

మా చిన్న కోడలిది ఏలూరు. అక్కడ 7 ఏళ్ళకోసారి జరిగే గంగానమ్మ జాతర చూసింది కానీ, తలమీద బోనం, అంటే అమ్మవారికి వండిన అన్నం కుండ, ఎప్పుడూ ఎత్తలేదు. పోయినేడు ఆషాఢానికి ముందు ఫోన్ చేసి, "అత్తయ్య గారూ, ఏదైనా తప్పు జరిగితే అమ్మవారికి కోపం వస్తుందంట కదా?" అని అడిగింది. కుండ ఎక్కడ కొనాలి, బియ్యం ఎన్ని పోయాలి అని కాదు, ముందు కోపం సంగతే అడిగింది. నాకు నవ్వొచ్చింది. 37 ఏళ్ళ కింద నేనూ మా అత్తమ్మను ఇదే అడిగాను మరి. ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటే: "ముందుగాల బియ్యం కడుగు బిడ్డా."

నేను చిలకలగూడలో బ్లౌజులు కుట్టి బతికినదాన్ని. కొలత లేకుండా ఏదీ చేయలేను, చెప్పలేను. అప్పుడు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇప్పుడు కొలతలతో సహా రాస్తున్నాను. ఇది మా ఇంటి పద్ధతి. బోనం ఇంటికో తీరు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ మాటే వినండి, నాది పక్కన పెట్టుకోండి.

ఏ గుడికి పోవాలి

జంటనగరాల్లో తొలి బోనం గోల్కొండ కోటలోని జగదాంబికకు. తర్వాత లష్కర్, అంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి. ఆ తర్వాత పాతబస్తీ, లాల్‌దర్వాజ సింహవాహిని. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక జనం ఇంకా పెరిగారు. మొదటిసారి ఎత్తేవాళ్ళు ఈ పెద్ద గుళ్ళ జోలికి పోవద్దనే నేను చెప్తాను. గంటల తరబడి వరసలో, తలమీద కుండతో, చుట్టూ తోపులాటలో నిలబడటం అలవాటున్నవాళ్ళకే కష్టం. మీ గల్లీలో ఒక పోచమ్మో, మైసమ్మో, ముత్యాలమ్మో ఉంటుంది. ఆమె దగ్గరకే పోండి.

మా పోచమ్మ వేపచెట్టు మొదట్లో ఉంటుంది. పసుపు పూసిన రాయి, దానికి వెండి కళ్ళు, పక్కన రెండు చిన్న రాళ్ళు. గుడి అంటే పైన రేకు, ముందు ఇనుప గేటు. అమ్మ ఎంత ఎత్తుంటుందని అడిగితే మూరెడు అంటాను. ఊళ్ళో అందరి ఒళ్ళూ కొలిచిన టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది. అయినా ఆమె ముందు దాన్ని విప్పే ధైర్యం నాకు ఇప్పటిదాకా రాలేదు.

ఆ మూరెడు రాయికి అంత భయం ఎందుకని కోడలు అడిగింది. మా నాయనమ్మ ముఖం చూసి ఉంటే అడిగేది కాదు. బుగ్గల నిండా, ముక్కు మీద కూడా గుంటలు. చిన్నప్పుడు అమ్మ పోసిందట. ఆమె బతికింది, ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అని ఎవరూ అనేవారు కాదు. పిల్ల ఒంటిమీద పొక్కులు లేస్తే, పడుకున్నది పిల్ల కాదు, అమ్మే. ఇంట్లో పోపు పెట్టరు, గట్టిగా మాట్లాడరు, పిల్ల ఎంత విసిగించినా తిట్టరు, కింద వేపాకు పరుస్తారు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో వచ్చింది. జబ్బు పోయింది కానీ ఆ మర్యాద పోలేదు. ఈరోజుకీ చికెన్‌పాక్స్ వస్తే మా గల్లీలో "అమ్మ పోసింది" అనే అంటారు. అంటారు సరే, ఆస్పత్రికి కూడా తీసుకుపోతారు. రెండూ చేయొచ్చు.

లష్కర్ గుడి కథలోనూ ఉన్నది ఆ భయమే. సురటి అప్పయ్య అని పటాలంలో డోలీ మోసేవాడు. 1813లో పటాలంతో పాటు ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ గత్తర వచ్చి జనం పిట్టల్లా రాలిపోతున్నారని తెలిసింది. గత్తర అంటే కలరా. ఊరు బాగుపడితే నిన్ను మా ఊళ్ళో నిలుపుకుంటానని అక్కడి మహంకాళికి మొక్కాడట. 1815లో తిరిగొచ్చి కట్టెతో చేసిన విగ్రహం పెట్టాడు.

ఇవన్నీ ఎందుకంటే, బోనంలో ఏది ఎందుకు వాడతారో అప్పుడే అర్థమవుతుంది. వేప, పసుపు, పెరుగు, నీళ్ళు, అన్నీ వేడిని దించేవే. "చల్లంగ చూడు తల్లీ" అని మొక్కేది ఊరికే కాదు. ఎండాకాలం పోయి వానలు పడే వేళ, రోగాలు లేచే వేళ, అమ్మను చల్లబరచడమే ఈ పండుగలో అసలు పని. ఇంకో మాట కూడా ఉంది. ఆషాఢంలో కొత్త కోడళ్ళు పుట్టింటికి పోతారు కదా, అమ్మ కూడా పుట్టింటికి వస్తుందంటారు. పుట్టిల్లంటే మన గల్లీయే. అందుకే చీర, గాజులు, ఒడిబియ్యం. బోనం అంటే భోజనం. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు వండి పెడుతున్నామని గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. సగమే. మిగతా సగం ఉంటేనే కుండను జాగ్రత్తగా పట్టుకుంటారు.

కుండ

మట్టి కుండ, ఇత్తడి బిందె ఏదైనా పరవాలేదు. ఇత్తడిది పగలదు కానీ బరువు, పైగా లోపల అన్నం వేడి నెత్తికి తెలుస్తుంది. నేను మట్టిదే అంటాను. పండుగ వారం పది రోజులుందనగా కొనండి. చివర్లో పోతే వంకర టింకరవి మిగులుతాయి. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది. మూతి మీ చెయ్యి దూరేంత ఉండాలి. రెండు లీటర్ల నీళ్ళు పట్టే కుండ చాలు. దాని మీదికి ఒక మూకుడు, మూకుడులో కుదిరే చిన్న ముంత, ముంత మీద ప్రమిద. దుకాణంలోనే ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. ఇంటికొచ్చాక ముంత ఊగుతోందని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

కొత్త కుండను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తెల్లారి అందులో గంజి కాచి పారబోయండి. ఇక పగుళ్ళు రావు, మట్టి వాసన కూడా తగ్గుతుంది.

బోనం అన్నం

పండుగ నాడు పొద్దున్నే తలస్నానం, ఇల్లు కడగడం, వాకిట్లో ముగ్గు. అవి మీకు తెలిసినవే. వండేటప్పుడు రుచి చూడకూడదు. ఎంగిలి అవుతుంది. కొలత ఎందుకు ముఖ్యమో అర్థమైంది కదా? నాలుకను నమ్ముకునే వీలు లేదు.

బియ్యం 250 గ్రాములు, నీళ్ళు అరలీటరు, పాలు పావులీటరు, బెల్లం 200 గ్రాములు. (బెల్లం సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను.) బియ్యం నీళ్ళలో ముప్పాతిక ఉడికాక పాలు పోసి, సన్నని మంట మీద మెత్తబడనివ్వండి. బెల్లాన్ని కొంచెం నీళ్ళలో కరిగించి, వడకట్టి, అన్నం దించి కాస్త ఆరాకే కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే పాలు విరుగుతాయి. పాలు విరిగాయని శకునాలు వెతికేవాళ్ళుంటారు. అది శకునం కాదు, తొందర.

ఇది అత్తగారింటి తీరు. మా పుట్టింట్లో, జనగామ వైపు, బెల్లం వేయరు. పసుపన్నంలో పెరుగు కలిపి, పైన ఉల్లిగడ్డ పెడతారు. అదీ చల్లదనం కోసమే.

గ్యాస్ మీద మట్టి కుండ పెడితే మంట తగ్గించి మెల్లగా వేడెక్కనివ్వండి. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ఇండక్షన్ స్టవ్ మీద కుండ పెట్టి, గంటసేపు చూసి, అన్నం ఉడకట్లేదని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇండక్షన్‌కు మట్టి పనికిరాదు. స్టీలు గిన్నెలో వండి కుండలోకి మార్చుకోమన్నాను. "అమ్మకు కోపం రాదా?" అని తనూ అడిగింది. ఆకలితో కూర్చున్న ఆడబిడ్డ ఏ గిన్నెలో వండావని అడుగుతుందా?

అన్నం కుండలో ముప్పాతిక వరకే ఉండాలి. కిరాణా కొట్టు త్రాసు మీద మా బోనం మొత్తం తూకం వేయించాను. నీళ్ళ ముంత, ప్రమిదతో కలిపి మూడు కిలోల మీద కాస్త మొగ్గింది. అంతకు మించి మొదటిసారి వద్దు.

అలంకరణ

కుండకు పసుపు పూసి, సున్నంతో గీతలు, కుంకుమతో బొట్లు పెట్టండి. మెడ చుట్టూ వేపమండలు కట్టాలి. దారం విషయంలో మాత్రం నా మాట వినండి. నూలు దారమే వాడండి, పసుపులో ముంచి. మిషన్ మీద వాడే పాలిస్టర్ దారం వేడి తగిలితే ఇట్టే కరిగి తెగుతుంది. వేపాకు చివర్లు దీపానికి జేనెడు కిందే ఉండేలా చూసుకోండి. పొద్దున కోసిన వేప మధ్యాహ్నానికి వాడి ఎండిపోతుంది, ఎండిన వేప భగ్గుమంటుంది. ముంతలో సాక పోస్తాం. సాక అంటే పసుపు, వేపాకు, చిన్న బెల్లం ముక్క వేసిన నీళ్ళు. ప్రమిదలో రెండు చెంచాల నువ్వుల నూనె, లావు వత్తి. మిగతా నూనె సీసా పక్కన నడిచేవాళ్ళ చేతిలో ఉండాలి.

చీర పట్టుదో నూలుదో కట్టుకోండి. కొంగు భుజం దగ్గర, నడుం దగ్గర పిన్ను పెట్టి బిగించండి. ఒకసారి మా ముందు నడుస్తున్న పిల్ల వెనక్కి తిరిగింది, ఆమె నైలాన్ కొంగు ఎగిరి పక్కామె దీపానికి తగిలింది. సాక ముంతే దగ్గరుండి కాపాడింది. కొంగు జానెడు కాలి, అంతటితో ఆగింది.

ఎత్తడం, నడవడం

చుట్టబట్టకు, అంటే కుండ కింద తలమీద పెట్టుకునేదానికి, మూరన్నర నూలు గుడ్డ. మెలిపెట్టి, నాలుగు వేళ్ళు పట్టే వెడల్పున చుట్టి, విడిపోకుండా రెండు చోట్ల కుట్టేయండి. రెండ్రోజుల ముందు నుంచే కుండలో నీళ్ళు పోసుకుని ఇంట్లో అటూ ఇటూ నడవండి. మా కోడలు ఆఫీసు మీటింగ్ వింటూ హాల్లో నడిచింది. కెమెరా ఆపేసిందో లేదో నేను అడగలేదు.

ఎత్తేటప్పుడు మీరు మోకాళ్ళ మీద కూర్చోండి, ఇద్దరు ఎత్తి పెట్టాలి. తల దించొద్దు, పదడుగుల ముందుకు చూడండి. ఒక చెయ్యి కుండ మీద, ఒకటి ఖాళీగా. నడిచేది చెప్పులు లేకుండా. మధ్యాహ్నం తారురోడ్డు కాలుతుంది కాబట్టి పొద్దున 8 లోపో, సాయంత్రం 5 తర్వాతో బయల్దేరండి. దారి పొడుగునా ఇంటింటి ముందు మీ కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. అమ్మను చల్లబరచడమే అది కూడా. మీరు బోనంతో నడుస్తున్నంతసేపు అమ్మే నడుస్తున్నట్టు లెక్క. పెద్ద ముసలమ్మలు వంగి మీ కాళ్ళకు మొక్కుతారు. సిగ్గుపడి వెనక్కి అడుగు వేయకండి, పడతారు. ఆ పసుపు నీళ్ళతో రోడ్డు జారుతుంది కూడా. బొటనవేలు ముందు ఆనించి, పాదం మెల్లగా దించుతూ నడవండి.

పోతురాజు ఎదురొస్తే పిల్లలు జడుసుకుంటారు. ఒంటినిండా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. అమ్మకు తమ్ముడు, కాపలా ఆయన. మా గల్లీ పోతురాజు మిగతా రోజుల్లో ఆటో నడుపుతాడు, మా మనవడిని బడికి తీసుకుపోయేది కూడా ఆయనే. అయినా బోనాల నాడు మనవడు నా చీర వదలడు.

అందరూ అడిగే భయాలు

దీపం మధ్యలో కొండెక్కితే? ఆ మాటే అనాలి, "ఆరిపోయింది" అనకండి. ఆగి, పక్కవాళ్ళతో వెలిగించుకుని నడవండి. గాలికి ఎవరి దీపమైనా కొండెక్కుతుంది.

ముట్టు వస్తే? మా ఇంట్లో ఆ రోజుల్లో ఎత్తం. ఆషాఢంలో నాలుగు ఆదివారాలుంటాయి, ఇంకో ఆదివారం ఎత్తండి. పండుగ కోసం మాత్రలు మింగి వాయిదా వేసుకోవడం మాత్రం నాకు నచ్చదు. ఆమె కూడా ఆడదే. మైల ఉన్నా అంతే, ఆ ఏడు మీ తరఫున పక్కింటివాళ్ళతో కొబ్బరికాయ పంపండి.

కుండ పగిలితే? నేను కాపురానికొచ్చిన మూడో ఏడు ఇదే జరిగింది. అత్తమ్మ కాలు సాక నీళ్ళలో జారింది, బోనం నేలకు తగిలింది. డప్పు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. అత్తమ్మ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, తర్వాత మెతుకులన్నీ కొంగులోకి ఎత్తి వేపచెట్టు మొదట్లో పోసి, ఇంటికొచ్చి స్నానం చేసి మళ్ళీ వండింది. మధ్యాహ్నం రెండు గంటలకు మళ్ళీ గుడి ముందున్నాం. ఆ దసరాకు మా మామ కాలు విరిగింది. కుండ పగిలినందుకే అన్నవాళ్ళు చాలామంది. ఆయన కాలు విరిగింది టీవీ యాంటెన్నా సరిచేయడానికి తడి రేకుల మీదికెక్కి. అది మా అందరికీ తెలుసు. అయినా మరుసటి ఏడు అత్తమ్మ రెండు బోనాలు చేసింది. నేనేమీ అనలేదు. ఒక కుండ నేనే ఎత్తాను.

పూనకం వస్తే? ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మీ పక్కన ఎవరైనా ఊగడం మొదలుపెడితే ముందు ఆమె తలమీది బోనం దించండి, దీపం దూరంగా తీయండి. చేతులు గట్టిగా పట్టి లాగొద్దు, వెనక ఒకరు నిలబడి పడకుండా ఆనుకోండి. కాళ్ళ మీద సాక పోసి, "ఏం కావాలె తల్లీ, ఏం తక్కువ చేసినం" అని మెల్లగా అడుగుతారు. చెప్పింది వినండి, వాదించకండి. ఫోన్ తీసి వీడియో మాత్రం తీయకండి. ఆమె తెల్లారి ఇదే గల్లీలో కూరగాయలు కొనాలి. ఒకవేళ నోట్లో నురగ వచ్చినా, ఒళ్ళు కొయ్యబారినా, లేపితే పలకకపోయినా అది వేరే సంగతి. నీడకు చేర్చి 108కి ఫోన్ చేయండి. ఎండదెబ్బనో, మూర్ఛనో పూనకమనుకుని సాక పోస్తూ కూర్చోవద్దు.

మీకే వస్తే? నాకు రెండుసార్లు వచ్చింది. డప్పు దరువు మారడం గుర్తుంది, మడమలు నేలకు ఆనకపోవడం గుర్తుంది. తర్వాత ఎవరో నీళ్ళు తాగిస్తున్నారు. ఏం మాట్లాడానో నాకు తెలియదు. మా ఆయనను అడిగితే, "పెద్దకొడుకు చదువు గురించి నన్ను తిట్టినవ్" అన్నాడు. అది అమ్మ తిట్టిందో నేను తిట్టానో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు. రావాలని కోరుకోకండి, వస్తుందని దాక్కోకండి.

లష్కర్ బోనాల తెల్లారి రంగం చూడండి. పచ్చికుండ మీద నిలబడి, అమ్మ పూనిన ఆమె చెప్పే భవిష్యవాణి ఏళ్ళుగా వింటున్నాను. దాదాపు ఒకటే వరస. ముందు అలక: నన్ను సరిగ్గా చూసుకోవట్లేదు, నాకు కోపంగా ఉంది. తర్వాత అభయం: వానలు పడతాయి, మిమ్మల్ని కాపాడుకుంటాను. పండుగకొచ్చిన మా ఆడబిడ్డ కూడా గుమ్మంలోనే మొదలుపెడుతుంది, ఒక్కరన్నా ఫోన్ చేశారా అని. అన్నం తిన్నాక పిల్లల చేతుల్లో డబ్బులు పెడుతుంది.

గుడి దగ్గర, ఇంటికొచ్చాక

గుడి చుట్టూ మూడు తిరిగి బోనం దించండి. కొంచెం అన్నం విస్తరాకులో అమ్మ ముందు పెట్టి, సాక ఆరబోసి, ఒడిబియ్యం, గాజులు, చీర సమర్పించండి. కల్లు పోసేవాళ్ళు పోస్తారు. కోడి మొక్కు ఉన్నవాళ్ళు గుడి ఆవరణలో కోయొద్దు, 1950 నాటి చట్టం ఒప్పుకోదు. మేము చూపించి ఇంటికి తెచ్చుకుంటాం. మొక్కు గుర్తుంచుకోవడం మాత్రం మీ పని. భయంలో పెద్ద పెద్దవి మొక్కేసి, గండం గడిచాక మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. నాకు అమ్మ కోపం గురించి నమ్మకంగా తెలిసింది ఒక్కటే, అన్నం మాడితే ఏమీ అనదు, అన్న మాట తప్పితే ఊరుకోదు.

మిగిలిన బోనం ఇంటికి తెచ్చి అందరూ తినాలి. పోయినేడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కోడలి ముఖం మాడిపోయింది. తీపి చాల్లేదు. "అత్తయ్య గారూ, చప్పటిదే పెట్టేశాం అమ్మవారికి!" అంది. ఆ 200 గ్రాముల కొలత నాదే. నేను ఎప్పుడూ వాడే నల్లబెల్లం దొరక్క ఆమె తెల్లది తెచ్చింది, ఆ తెచ్చినదాంట్లో తీపి తక్కువైంది. మా ఆయన మాత్రం తలెత్తకుండా రెండోసారి పెట్టించుకున్నాడు.

కుండను కొందరు ఏటా మారుస్తారు. మా ఇంట్లో పగిలేదాకా ఒకటే. సబ్బు పెట్టకుండా కొబ్బరిపీచుతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, నూలు గుడ్డలో చుట్టి అటక మీద బోర్లించండి. మొన్న దించి చూస్తే మా కుండ లోపల ఒక చీటీ ఉంది, కోడలి రాత. "నల్లబెల్లం అయితే 200. తెల్లబెల్లం అయితే 260."